బంతి నావ భీమరాజు

భీమరాజు నలభై ఏళ్ళు ఫుట్‌బాల్ అభిమానిగా బతికాడు గానీ ఒక్క ఆట కూడా చూడలేదు. ఈ మాట అంటే ఇసకమెరకలో ఎవరూ నవ్వరు, నిజమేగా అంటారు. నవ్వేది మనవలం మేమే, అదీ ఆయన వీపు వెనక.

ఇసకమెరక యానానికి కాస్త ఎగువన, గౌతమి గట్టును పట్టుకుని ఉన్న ఊరు. ఒక పక్క కొబ్బరి తోటలు, వరి చేలు ఉన్న రైతులు. ఇంకో పక్క ఏటి మీద వేటకు పోయేవాళ్ళు. పెళ్ళిళ్ళకూ పండగలకూ ఎవరి పక్క వాళ్ళదే. అందరూ కలిసేది గట్టును ఆనుకున్న ఆటస్థలంలో. యానాంలో ఫ్రెంచి దొరలు ఆడుతుంటే చూసొచ్చిన కుర్రాళ్ళెవరో ఎప్పుడో మొదలుపెట్టారట. గౌతమీ ఫుట్‌బాల్ క్లబ్బు అని పేరు పెట్టుకున్నారు. పేరులోనే కాదు, ఆటలో కూడా గౌతమికి వాటా ఉంది. ఏటి వైపు గోడా లేదు, కంచే లేదు. బంతికి కాలు కాస్త గట్టిగా తగిలిందంటే గట్టు దాటి నీళ్ళలో పడుతుంది. క్లబ్బుకున్నది ఎప్పుడూ ఒకటే బంతి. దాన్ని తెచ్చేవాడు భీమరాజు.

ఆదివారం ఎండ చల్లబడేసరికి ఆయన తన చిన్న నావను గట్టు కింద నిలిపి, తువ్వాలు చుట్టి తలకింద పెట్టుకుని, అందులో వెల్లకిలా పడుకుంటాడు. ఆట పైన జరుగుతుంది. కింద ఆయనకు కనపడేవి గట్టు అంచు, రెల్లు దుబ్బులు, వాటి మీద ఆకాశం, అంతే. అందుకని ఆయన ఆట వింటాడు. కాళ్ళ చప్పుడు గుంపుగా ఇటు వస్తుంది, అటు పోతుంది. ఎవరో ఎవర్నో తిడతారు. ఉన్నట్టుండి ఊరంతా ఊపిరి బిగబడుతుంది. అప్పుడు గట్టు అంచు మీంచి బంతి లేస్తుంది. పైకంటా వెళ్ళి, ఎటు పోవాలో మరిచిపోయినట్టు ఒక్క క్షణం నిలబడి, ఆయన కోసమే అన్నట్టు దిగుతుంది. నలభై ఏళ్ళలో ఆయన చూసిన ఫుట్‌బాల్ అంతా ఆ ఒక్క క్షణమే, మళ్ళీ మళ్ళీ.

ఆ తర్వాత తొందరేం లేదు. పోటు మీద ఉంటే బంతి ఎగువకు నడుస్తుంది, పాటు మీద ఉంటే సముద్రం వైపు. భీమరాజు తెడ్డు వేస్తూ దాని వెనకే పోతాడు. పైన ఆట ఆగిపోతుంది. ఆటగాళ్ళు గడ్డిలో కూలబడతారు. గట్టు మీద ఊరు నోరు తెరుస్తుంది.

అసలు క్లబ్బు నడిచేది ఆ కాసేపట్లోనే. ప్రెసిడెంటుని దించాలా, ఉంచాలా, గోలీని మార్చాలా, చందాలు ఎటు పోతున్నాయి, అన్నీ బంతి ఏట్లో ఉన్నప్పుడే తేలాలి. యానాం రేవులో పంటు మీద టిక్కెట్లు కోసే ఏసుపాదం ఆ సభకు పెద్ద.

"మండపేట మిల్లు నుంచి తెచ్చాం కదండీ కిరణ్‌ని, ఫార్వర్డ్ అనీ. ఆటకి బస్తా బియ్యం. ఇప్పటికి ఎన్ని బస్తాలయ్యాయి, ఎన్ని గోళ్ళయ్యాయి?"

"గోళ్ళంటే ఏయ్? కాలి గోళ్ళా?" అంది తలుపులమ్మ. ఆవిడ ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముతుంది.

"నవ్వకే. ఆ బియ్యం మన లోవరాజుకిస్తే ఇంకో పదేళ్ళు ఆడతాడు."

"ఆయ్, ఆడతాడు. ముందు లేవమను, చూద్దాం."

లోవరాజు జట్టు నడుమ నిలబడి ఆడేవాడు. నలభైకి దగ్గరపడ్డాడు, పొట్ట వచ్చింది. గడ్డిలో పడుకునే చెయ్యి ఊపాడు, విన్నానని.

ఇంకొక రహస్యం కూడా ఉంది, అందరికీ తెలిసిందే. జట్టులో సగం మంది లోవరాజు ఈడు వాళ్ళు. ఆయాసం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు బంతిని ఏట్లోకి తన్నేవారు. భీమరాజు తెచ్చేలోగా ఊపిరి తిరిగేది. బయటి జట్లవాళ్ళు మొత్తుకునేవారు. గోదారిని ఏం చెయ్యగలమండీ అని ఇసకమెరక వాళ్ళు చేతులు తిప్పేవారు.

తొంభై ఎనిమిదిలో ఊరికి కేబుల్ టీవీ వచ్చింది. అదే ఏడాది రైసు మిల్లు జానకిరామ్ గారు క్లబ్బుకు ప్రెసిడెంటయ్యారు. మంచివాడే. అందరికీ బూట్లు కొనిచ్చాడు, చొక్కాల వీపు మీద మిల్లు పేరు అచ్చు వేయించాడు. ఆ వేసవిలో ఫ్రెంచి దేశంలో జరిగిన ప్రపంచ కప్పు అంతా టీవీలో చూసి, ఓ ఆదివారం బంతి ఏట్లో ఉండగా లేచి నిలబడ్డాడు.

"నెల రోజులు చూశానండి. ఒక్కసారి కూడా బంతి ఏట్లో పడలేదు."

"వాళ్ళకి ఏరు లేదేమోనండి, పాపం" అన్నాడు ఏసుపాదం.

"జోకులొద్దండి. దసరా వెళ్ళాక కాకినాడలో టోర్నమెంటుంది. రావులపాలెం జట్టు మీద గెలిస్తే మనమే వెళ్తాం. అక్కడ చుట్టూ గోడ. మనవాళ్ళు ఆగకుండా ఆడటం నేర్చుకోవాలా, వద్దా? గట్టు పొడుగునా వల కడదాం."

"వల కడితే నా కాయలెవరు కొంటారు?" అంది తలుపులమ్మ. "ఆట ఆగితేనే కదా నా బేరం."

"క్లబ్బు మీ కాయల కోసం ఉందా అండి?"

"మరి మీ మిల్లు కోసం ఉందా?"

గట్టంతా నవ్వింది. నవ్వినా, జానకిరామ్ చెప్పిందాంట్లో తప్పు ఎవరికీ దొరకలేదు. మనవాళ్ళు కాకినాడ వెళ్ళాలనే ఆశ అందరికీ ఉంది. వల అల్లడానికి ఊళ్ళో భీమరాజుని మించినవాడు లేడు. ఆయన తడి బంతిని చంకలో పెట్టుకుని గట్టెక్కేసరికి అంతా తేలిపోయింది.

"మీరే అల్లాలి, భీమరాజు గారూ" అన్నాడు జానకిరామ్.

"ఆయ్, అల్లుతానండి, బాబూ" అన్నాడు భీమరాజు. వల అల్లమంటే కాదనడం ఆయనకు ఆ వయసు దాకా చేతకాలేదు. ఆ వల పడితే తన నావకు ఆదివారం ఉండదని ఇంటికి నడుస్తూండగా సగం దారిలో తట్టింది.

వీరవేణి గుమ్మంలో చేపలు తోముతోంది. విని, చెయ్యి ఆపింది.

"అంటే నీ పని ఊడగొట్టే వల నువ్వే అల్లుతావా?"

"పనేంటే, జీతమా ఏమన్నానా?"

"జీతమున్న పనైతే పోనీలే అందును."

ఆయన మాట్లాడలేదు. మర్నాటి నుంచి అరుగు మీద కూర్చుని అల్లడం మొదలుపెట్టాడు. వీరవేణికి ఓ అనుమానం ఉండేది, వంకర టింకరగా అల్లి పారేస్తాడేమోనని. ఒకటి రెండు రోజులు పక్కన నిలబడి చూసింది కూడా. కన్ను పక్కన కన్ను, అన్నీ ఒకటే సైజు. చెడ్డ వల అల్లడానికి వేళ్ళు ఒప్పుకోలేదు. అల్లుతూ అల్లుతూ ఎటో చూస్తూ ఉండిపోయేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. వల కన్నుల్లోంచి ఆకాశం చూస్తున్నాడని మేము ఆయన వెనక కూర్చుని నవ్వేవాళ్ళం. నిజంగా అదే చూసేవాడు.

కట్టే రోజు లోవరాజు సాయం వచ్చాడు. గట్టు పొడుగునా సరుగుడు గుంజలు పాతి, వల పై అంచును వాటికి కట్టారు. కింది అంచుకు మాత్రం ఏటి వలకు వేసినట్టే సీసం గుళ్ళు వేసి, నేల మీదికి వదిలేశాడు భీమరాజు.

జానకిరామ్ వంగి చూశాడు. "కింద మేకులు కొట్టరా?"

"వలకి మేకులేంటండి? గుళ్ళు ఉన్నాయి కదా, అయ్యే పట్టుకుంటాయి."

"కాస్త బిగించి కట్టాల్సింది."

"బిగిస్తే చేప తగిలి బెదిరిపోద్దండి. వదులుగా ఉంటేనే ఒళ్ళోకి తీసుకుంటది."

జానకిరామ్ ఏదో అనబోయి ఊరుకున్నాడు. ఆయనకు బియ్యం తెలుసు గానీ వలలు తెలియవు. లోవరాజు మాత్రం ఆ గుళ్ళ వంక చూసి, భీమరాజు మొహం వంక చూసి, గుంజ సరిచేసే వంకతో అటు తిరిగాడు.

వల బాగానే పనిచేసింది. ఎగిరొచ్చిన బంతిని ఒళ్ళోకి తీసుకుని మెల్లిగా కింద వదిలేసేది. భీమరాజు నావను ఒడ్డుకు లాగి బోర్లించేశాడు. ఆయన సేవకు మర్యాదగా జానకిరామ్ ఆయనకు శాలువా కప్పి, తన పక్కనే కుర్చీ వేయించాడు.

అలా భీమరాజు మొదటిసారి ఆట చూశాడు. ఇరవై మందికి పైగా మనుషులు, ఒకడి చొక్కా ఒకడు లాగుతూ, ఉమ్ముతూ, పరుగెత్తుతూ. ఇదా ఇన్నాళ్ళూ జరిగింది అనిపించింది. బంతి నేల మీదే దొర్లుతోంది, మట్టి కొట్టుకుని. ఎవరైనా పైకి తంతారేమోనని చూసి చూసి, కుర్చీలో తల వాల్చి నిద్రపోయాడు.

"బాబాయ్, గోలు!" అని ఏసుపాదం కుదిపాడు.

"ఏట్లోనా?" అంటూ లేచి నిలబడ్డాడు భీమరాజు. శాలువా జారి కింద పడింది. గట్టు మీద ఎవరూ నవ్వలేదు. తలుపులమ్మ శాలువా తీసి, దులిపి, ఆయన భుజం మీద వేసింది.

ఆ వారాల్లో గట్టు మీద వాదనలు కూడా పలచబడ్డాయి. ఆట ఆగదు కదా, మాట్లాడే వీలెక్కడిది. ప్రెసిడెంటుని తిట్టాలన్నా మధ్యలో గోలు పడేది. జనం ఆట చూసి ఇంటికి పోయేవారు, సినిమా చూసి పోయినట్టు.

రావులపాలెం జట్టుతో ఆట రోజు పొద్దున్నే వీరవేణి రేవుకు వెళ్ళి చూస్తే బోర్లించిన నావ వెల్లకిలా నీళ్ళలో ఉంది.

"ఏంటయ్యా, నావ దింపావు?"

"ఎండకి చెక్కలు విడిపోతన్నాయే. నానాలి కదా."

"ఈవాళేనా నానాల్సింది?"

"ఎప్పుడో ఒకప్పుడు నానాలి కదా" అని ఆయన అటు తిరిగి పోయాడు.

రావులపాలెం వాళ్ళు లారీలో దిగారు. అరటి మార్కెట్లో గెలలు ఎత్తే కుర్రాళ్ళు, ఒక్కొక్కడు ఒక్కో దూలంలా ఉన్నాడు. మర్యాదకు రెండు గెలలు కూడా తెచ్చారు. మొదటి సగంలో చెరొక గోలు. రెండో సగం మొదలైన కాసేపటికే ఇసకమెరక జట్టు నోరు తెరిచింది. లోవరాజు మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగిపోయాడు. ఒకడు అలవాటు కొద్దీ బంతిని ఏటి వైపు ఎత్తుగా తన్నాడు. వల దాన్ని ఒళ్ళోకి తీసుకుని మళ్ళీ వదిలేసింది. దాని వెంట పరుగెత్తాల్సి వచ్చి ఇంకాస్త ఆయాసం.

"అడుగేయలేకపోతన్నారండీ మనోళ్ళు" అన్నాడు ఏసుపాదం. ఆయన గొంతులో వెటకారం లేదు.

జానకిరామ్ కుర్చీ అంచుకు జరిగి కూర్చున్నాడు. చేతులు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

బంతి లోవరాజు కాళ్ళ దగ్గరకొచ్చింది. అతను తలెత్తి కుర్చీల వైపు ఒక్కసారి చూశాడు. తర్వాత ఉన్న బలమంతా పెట్టి నేలబారుగా తన్నాడు, సరిగ్గా వల కాళ్ళ దగ్గరకి. సీసం గుళ్ళు టపటపమంటూ లేచాయి. వల అంచు కింద నుంచి బంతి దూరి, గట్టు దాటి, రెల్లు దుబ్బుల మీంచి ఎగిరిపోయింది.

"పోయింది!" అని అరిచాడు ఏసుపాదం. గోలు పడ్డప్పుడు కూడా అంత సంతోషంగా అరిచినట్టు ఎవరికీ గుర్తు లేదు.

జానకిరామ్ పక్కకు తిరిగాడు. కుర్చీలో శాలువా ఉంది, మనిషి లేడు.

పాటు మొదలై చాలాసేపయింది. నీళ్ళు మెత్తగా సముద్రం వైపు జారుతున్నాయి. ఎండ పచ్చబడి ఏటి మీద పడింది. బంతి దాని మధ్యలో, వెనక్కి చూడకుండా పోతోంది. భీమరాజు నాలుగు తెడ్లు వేసి ఆపాడు. నావ తనంతట తను సాగింది. వెనక గట్టు మీద అంతవరకూ బిగబట్టిన మాటలన్నీ ఒక్కసారిగా లేచాయి. కిరణ్ బస్తా, లోవరాజు పొట్ట, చందాలు, మిల్లు పేరు, అన్నీ. తలుపులమ్మ కాయలంటూ కేక వేసింది. వాటి మధ్యలో కొత్త గొంతు ఒకటి వినపడింది, జానకిరామ్‌ది. "గోలీని మార్చాలంటారా అండీ?" అని అడుగుతున్నాడు ఎవరినో. "మీరే మారాలండి!" అని జవాబు. నవ్వులు. నీళ్ళ మీద ఆ మాటలు సాగి సాగి, అర్థం పోయి, పిట్టల గోలలా మిగిలాయి.

బంతి చేతికందేంత దగ్గరకొచ్చింది. ఆయన చెయ్యి చాచలేదు. నావ, బంతి పక్కపక్కనే, ఒకే నీళ్ళ మీద, ఒకే నడకతో పోయాయి. దూరంగా యానాం రేవులో పంటు బయల్దేరుతోంది. ఆకాశం అంచుల దాకా ఖాళీగా ఉంది. అందులోంచి ఇంకో బంతి దిగుతుందేమో అన్నట్టు ఆయన కాసేపు పైకి చూశాడు. అప్పుడు వంగి, రెండు చేతులతో, పసిపిల్లను ఎత్తినట్టు బంతిని నీళ్ళలోంచి తీశాడు.

ఒడ్డుకు వచ్చేసరికి జానకిరామ్ ప్యాంటు మడుచుకుని బురదలో దిగి ఉన్నాడు. బంతి అందుకున్నాడు. అది కారుస్తున్న నీళ్ళు చొక్కా మీద పడినా తుడుచుకోలేదు.

"అడుగున మేకులు కొట్టమన్నాను కదండీ" అన్నాడు మెల్లిగా.

"కొట్టమంటే రేపు కొడతానండి, బాబూ."

జానకిరామ్ గట్టు పైకి చూశాడు. మనవాళ్ళు గడ్డిలోంచి లేచి కాళ్ళు దులుపుకుంటున్నారు. లోవరాజు అరటిపండు తింటున్నాడు. రావులపాలెం కుర్రాళ్ళు ఏసుపాదంతో ఏదో వాదిస్తున్నారు.

"రేపొద్దులెండి" అన్నాడు. రెండడుగులు ఎక్కి, మళ్ళీ తిరిగాడు. "వచ్చే ఆదివారం నావ ఉంటుందా అండి?"

"ఉంటదండి. ఇంకా నానాలి కదా."

భీమరాజు మళ్ళీ వెల్లకిలా పడుకున్నాడు. పైన కాళ్ళ చప్పుడు మొదలైంది, గుంపుగా ఇటు వచ్చింది, అటు పోయింది.

దీపాలు పెట్టే వేళకు ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కంచం ముందు కూర్చున్నాడు. వీరవేణి చేపల పులుసు వేస్తూ అడిగింది.

"ఎవరు గెలిచారు?"

ఆయన ఆలోచించాడు. ఆ సంగతి అడగడమే మరిచిపోయాడు.

"బంతి దొరికింది" అన్నాడు.