మూడో కన్నం, మూడో జ్ఞాని

ఎదురుపడితే మా చర్చిలో అందరూ "వందనాలు" అంటారు. మా పౌలురాజు బావ మాత్రం "ఎర్త్ ఉందా?" అంటాడు. మా మార్తక్క మొగుడు. మిలిటరీ సిగ్నల్స్‌లో చేసి, రిటైరై మాలాగే ఇక్కడ ఉత్తరాదిన, వైశాలిలో స్థిరపడ్డాడు. ఎవరింటికెళ్లినా టీ ముట్టుకోడు. ముందు సాకెట్లో ఎర్త్ ఉండే మూడో కన్నాన్ని పరామర్శించాలి.

కొత్త పాస్టరుగారు మొదటి ప్రసంగం ముగించి దిగగానే బావ ఎదురెళ్లి, మైకు చూపిస్తూ "అయ్యగారూ, ఎర్త్ ఉందా?" అన్నాడు. ఆయనకి "అర్థం ఉందా?" అని వినబడింది. పాపం, మరుసటి ఆదివారం అదే ప్రసంగాన్ని ఇంకో అరగంట సాగదీసి వివరించారు. ఆ వారం సంఘంలో ఎవరూ బావతో మాట్లాడలేదు.

రెండువేల ఆరు డిసెంబరులో మా అమ్మాయి అబిగెయిల్ ఎలక్ట్రిక్ గిటారుకి రోగమొచ్చింది. ప్లగ్గు పెడితే చాలు, ఒకటే "గుంయ్". క్వయర్లో పాటలు నడిపించే ఎడ్వర్డ్ గారు చెవులు మూసుకుని, "క్రిస్మస్‌కి ఈ తేనెపట్టు వద్దమ్మా. నువ్వు కూర్చుని చప్పట్లు కొట్టు" అనేశారు. ఏడాదంతా సాధన చేసిన పిల్ల. వైశాలి పక్కనే ఇందిరాపురంలో మా ఇంటికి రాగానే గది తలుపేసుకుంది.

సాయంత్రానికి బావ దిగాడు. "ఎర్త్ ఉందా?"

"పెదనాన్నా, యే గిటార్ హై, ఫ్రిజ్ నహీ!"

"కరెంటు తాగేదేగా! ఇటు తే."

స్క్రూలు విప్పాడు. తీగలు ఆనుకునే ఇనప బ్రిడ్జి నుంచి వాల్యూమ్ బటన్ వీపుకి వెళ్లాల్సిన సన్న వైరు ఊడి వేలాడుతోంది. టంకం పెట్టాడు. అంతటితో ఊరుకుంటే మా బావ ఎందుకవుతాడు? నేను రోటీలు చుట్టే ఫాయిల్ చుట్ట మొత్తం గిటారు పొట్టలో అతికించి, దానికీ ఎర్త్ కలిపాడు. మర్నాడు మా ఆయన డబ్బాలో రోటీలు అప్పడాల్లా విరిగాయి. గిటారు మాత్రం వాయిస్తే తప్ప కిమ్మనలేదు.

ఎడ్వర్డ్ గారు విని మెత్తబడ్డారు. "సరే, క్రిస్మస్ నాటకంలో బేత్లెహేముకి ముగ్గురు జ్ఞానులు నడిచొచ్చేటప్పుడు వాయిస్తూ పాడు. గుంయ్ అందా, దిగిపోవాలి."

ఆ జ్ఞానుల్లో మూడోవాడు మా బావే. ఎన్నేళ్లో బతిమాలితే దొరికిన వేషం. అక్క పట్టుచీర అంగీ, అట్ట కిరీటం. క్రిస్మస్ రోజు అద్దె స్కూలు హాల్లో ఆ వేషంతోనే సాకెట్‌కి టెస్టు బల్బు పెట్టి చూసి, గిటారు సౌండు పెట్టె ప్లగ్గు పట్టుకుని కదలడు.

"టైమైంది పౌలురాజూ! వైరు అతికించావుగా?" ఎడ్వర్డ్ గారు విసుక్కున్నారు.

"అందుకే భయం! తీగలన్నీ ఎర్త్‌కి కలిపా. ఇక్కడ మూడో కన్నం ఉత్త అలంకారం. పిల్ల పాడుతూ మైక్‌కి పెదవి ఆనించిందో, షాకే!"

ఆఫీసు గదిలో ఎర్త్ ఉన్న సాకెట్ వెతికి, అక్కణ్ణించి ఎక్స్‌టెన్షన్ లాగాడు. అది గుమ్మానికి అడ్డంగా పడింది. ఎవరి కాలు తగిలినా ప్లగ్గు ఊడిపోతుంది. బావ కిరీటంతో సహా దాని పక్కనే బైఠాయించాడు.

"బావా, నీ వేషం!" అన్నాను.

"పిల్లది మొదటి పాట, అనుగ్రహా. వేషానిదేముంది, వచ్చే ఏడు వేస్తా."

వేదిక మీద అబిగెయిల్ తీగ ముట్టుకోకుండా గుమ్మం వైపు చూసింది. ఎప్పుడూ హిందీలో బదులిచ్చే పిల్ల, మైకులో తెలుగులో అడిగింది. "పెదనాన్నా, ఎర్త్ ఉందా?"

గుమ్మంలో కిరీటం లేచింది. "నేనున్నాగా తల్లీ, వాయించు!"

హాలంతా నవ్వింది, అమ్మాయీ నవ్వింది. ఆ నవ్వుతోనే తీగ మీటింది. గుంయ్ లేదు, పాటే. చప్పట్లు ముందు ఎడ్వర్డ్ గారే కొట్టారు.

ఆ ఏడాది బేత్లెహేముకి ఇద్దరు జ్ఞానులే వచ్చారు. మూడో ఆయన, మా బావ, గుమ్మంలో ఎర్త్‌కి కాపలా ఉన్నాడు.