ఎద్దు పేరు తర్వాత నా పేరు

నా చిన్నప్పుడు జరిగిన ఒక సంగతి చెబితే తప్ప నా పిచ్చి ఇష్టాలు ఎవరికీ అర్థం కావు. మా ఇంటికి వచ్చినవాళ్లు ముందుగా క్యాసెట్ల బీరువా చూసి నవ్వుతారు. అందులో ఖవ్వాలీల పక్కన భజనలు, వాటి పక్కన పెళ్లి బ్యాండు మేళం, నాకు ఒక్క ముక్క అర్థం కాని భాషల పాటలు కూడా ఉంటాయి. సెలవు దొరికితే బస్టాండుకు వెళ్లి, ఏ బస్సు ముందొస్తే అదెక్కి, దిగిన ఊళ్లో పాత రాయి కనిపిస్తే దాని మీది రాతలు తడుముతూ కూర్చుంటాను. బడిలో సాంఘికశాస్త్రం చెప్పే నాలాంటి టీచరుకు చరిత్ర మీద ఇష్టం ఉందంటే ఒప్పుకుంటారు గాని, ఇన్ని రకాల పాటలెందుకు, ఇంత తిరుగుడెందుకు అంటారు. ఏ ఒక్కదాని మీదా నిలబడవు అని మా అమ్మాయి కూడా విసుక్కుంటుంది. నిజానికి నాకున్నది ఒక్క ఇష్టమే. దాన్ని నాకు తొమ్మిదో ఏట మా నాయనమ్మ అంటించింది.

మాది చివ్వెంల దగ్గర ఒక లంబాడీ తండా. ఇంట్లో మా భాష, బయట తెలుగు. నాయనమ్మ మాత్రం బేరం ఆడాల్సి వస్తే ఇంట్లో కూడా తెలుగులోకి దిగేది. సూర్యాపేట మార్కెట్లో ఏళ్ల తరబడి మిరపకాయలు అమ్మి అమ్మి, ఆమెకు బేరమంటే తెలుగే అన్నట్టు అయిపోయింది. ఆమె నోట తెలుగు వచ్చిందంటే మా నాన్న చల్లగా బయటికి జారుకునేవాడు.

కొన్నేళ్లకోసారి మా తండాకు ఒక ముసలి ఢాడీ వచ్చేవాడు. మా వంశాల కథలు పాడేవాళ్లను ఢాడీలంటారు. ఆయన ఒక్కో ఇంటి ముందు కూర్చుని, తీగల వాయిద్యం మీటుతూ, ఆ ఇంటి తాతముత్తాతల పేర్లు వరసగా పాడుకుంటూ వచ్చి, చివరికి ఆ ఇంట్లో ఆడుకుంటున్న పిల్లాడి పేరు దగ్గర ఆపేవాడు. పాట విన్నాక దూడనో, కొత్త ధోవతినో ఇచ్చి సాగనంపేవాళ్లు. రాసిపెట్టుకున్న చరిత్ర మాకు లేదు. మేమెవరమో తెలిసేది ఆయన గొంతులోనే.

పేర్ల పాట కాక ఆయన దగ్గర ఉప్పు దారి పాట అని ఇంకొకటి ఉండేది. మా వాళ్లు ఒకప్పుడు ఎడ్ల మీద ఉప్పు మోసేవాళ్లు. బందరు సముద్రం దగ్గర ఉప్పు నింపుకుని, మున్నేరు దాటి, కోదాడ మీదుగా సూర్యాపేట వైపు ఎట్లా వచ్చారో, ఎక్కడ నీళ్లు దొరికాయో, ఎక్కడ దొరకలేదో అన్నీ అందులో ఉండేవి. అందరికంటే ముందు నడిచిన ధోళ్యా అనే తెల్ల ఎద్దు పేరు కూడా ఉండేది.

నా తొమ్మిదో ఏట ఆయన మా ఇంటి ముందు కూర్చున్నాడు. సాయంత్రం కావడంతో తండా అంతా చేరింది. మా అమ్మానాన్నలకు నేనొక్కదాన్నే సంతానం. నా తర్వాత పుట్టిన తమ్ముడు పోయాడు, ఆ పైన అమ్మకు మళ్లీ పిల్లలు కలగరని దవాఖానలో చెప్పేశారు. పాట మా తాత పేరు దాటి మా నాన్న పేరు దగ్గరికి వచ్చింది. ఆ తర్వాతది నా పేరే అని నేను గౌను సర్దుకుని ముందుకు జరిగి కూర్చున్నాను. ఢాడీ తాత తీగ మీద చెయ్యి ఆనించి ఆపేశాడు. ఆడపిల్లల పేర్లు వాళ్లు వెళ్లిన ఇంట్లో తల్లులుగా వినపడతాయి గాని పుట్టింటి వరసలో రావు, అది రివాజు. మా ఇంటి పాట నాన్నతో ఆగిపోయిందని అందరికీ తెలిసిపోయింది. అమ్మ లేచి లోపలికి వెళ్లింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. బతికి, అందరి కళ్ల ముందు కూర్చుని ఉండి కూడా లేనిదాన్నయ్యానని ఇప్పటి మాటల్లో చెబుతున్నాను గాని, అప్పుడు నాకు తెలిసిందల్లా నా పేరు రాలేదన్న ఒక్క సంగతే.

నాయనమ్మ మాత్రం ఏమీ జరగనట్టు, ఉప్పు దారి పాట కూడా పాడమంది. ఆయన పాడాడు. తెల్ల ఎద్దు దగ్గరికి రాగానే ఆమె చెయ్యెత్తి ఆపి, తెలుగులోకి దిగింది.

"ఎద్దు పేరుకు తావున్నది గాని, నా మనుమరాలి పేరుకు తావు లేదా అన్నా?"

నవ్వబోయిన వాళ్లు ఆమె ముఖం చూసి ఊరుకున్నారు. ఢాడీ తాత వాయిద్యం పక్కన పెట్టాడు. వరస తన చేతిలో లేదని, తన తాత నేర్పినట్టే పాడాలని ముందుగా చెప్పుకున్నాడు. తర్వాత నా వైపు చూశాడు.

"ఎద్దు నడిచింది చెల్లె. బాటల నడిచినోళ్లకు రివాజు అడ్డం రాదు."

"అయితే ఇది గూడ నడుస్తది. జర సూస్తనే ఉండు," అంది నాయనమ్మ.

ఆయన మర్నాడు త్రిపురారం దగ్గరి తండాకు వెళ్లాల్సి ఉంది. అది నాయనమ్మ పుట్టిన తండా. మేమిద్దరం ఆయన వెంట బయల్దేరాం. త్రిపురారానికి దగ్గర దారి వేరే ఉన్నా, పాటలో ఉన్న దారినే పోవాలని నాయనమ్మ పట్టుబట్టి కోదాడ మీదుగా తిప్పింది. తండా నుంచి హైవే దాకా, ఆపైన హైవే పక్కన నా కాళ్లు పీకేదాకా నడిపించింది. లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. పాటలోని దారి ఎక్కడో రాజుల కాలంలో, రాజుల దేశంలో ఉంటుందనుకునేదాన్ని. ఢాడీ తాత కర్రతో రోడ్డును తట్టి చూపించాడు.

"మన ఎడ్లు పోయిన బాట ఇదే బిడ్డా. మీద తారు పోసిన్రు, గంతే."

నేను చెప్పుల్లోంచి కాళ్లు తీసి ఆ తారు మీద నిలబడ్డాను. కాలింది. అయినా కాసేపు తియ్యబుద్ధి కాలేదు.

ఆ తర్వాత బస్సెక్కాం. కోదాడలో టీ కొట్టాయన "ఎక్కడికెళ్తున్నారండీ" అంటే నాకు నవ్వాగలేదు. ఇంత దగ్గర్లోనే మాట ఇంత మారుతుందని అప్పుడే తెలిసింది. అక్కడ నుంచి మిర్యాలగూడ బస్సు. ఎక్కిన చోటల్లా ఢాడీ తాత ఆ చోటుకు సంబంధించిన చరణం మెల్లగా అనేవాడు, నేను వెంట అనేదాన్ని. కండక్టరు కూడా టికెట్లు కొట్టడం ఆపి కాసేపు విన్నాడు. మిర్యాలగూడలో దిగేసరికి రైసుమిల్లుల తవుడు వాసన ఊరంతా కమ్ముకుని ఉంది. త్రిపురారం చేరాక కాలువ గట్టున మళ్లీ నడక. రెండు పక్కలా వరి. మా మెట్ట పొలాల్లో పుట్టినదాన్ని, అంత పచ్చదనం చూసి నోరు తెరుచుకుని నడిచాను.

పొద్దు గూకే వేళకు అక్కడి తండా వాళ్లు చేరారు. ఢాడీ తాత ఉప్పు దారి ఎత్తుకున్నాడు. ధోళ్యా ఎద్దు వచ్చింది. దాని అడుగుల వెనక ఒక పిల్ల నడిచిందని, ఫలానా ఇంటి బిడ్డ అని మా నాన్న పేరు, తాత పేరు చెప్పి, ఆ తర్వాత నా పేరు పాడాడు. ఆ పిల్ల కాలే బాట మీద నడిచి నడిచి సముద్రం దాకా పోయిందని కూడా పాడాడు. నాయనమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. ఎన్నడూ ఎవరి ముందూ ఏడవని మనిషి భుజాలు కదులుతుంటే నాకు భయమేసింది.

సంతోషంతో పాటు నాకొక బెంగ కూడా పట్టుకుంది. నేను సముద్రం చూడనేలేదు. ఆయన పాడింది అబద్ధం కదా అని నాయనమ్మ చెవిలో అడిగాను. ఆమె నా తల మీద చెయ్యి వేసింది. ఈసారి కూడా తెలుగులోనే చెప్పింది.

"పాట ముంగట పోయింది బిడ్డా. నువ్వు ఎనక పో."

తర్వాత ఏళ్లలో ఢాడీ తాత మా తండాకు వచ్చినప్పుడు మా ఇంటి ముందు రెండు పాటలూ పాడేవాడు. మొదటిది నాన్న దగ్గరే ఆగేది. రెండోది మొదలవగానే అమ్మ పని మానేసి గడపలోకి వచ్చి నిలబడేది. నా పేరు వినపడేదాకా అక్కడి నుంచి కదిలేది కాదు.

నాకు ఉద్యోగం వచ్చాక బందరు వెళ్లి సముద్రంలో కాళ్లు పెట్టాను. అప్పటికి నాయనమ్మ లేదు. ఢాడీ తాత కూడా పోయాడని, కొడుకులెవరూ పాట అందుకోలేదని తర్వాతెప్పుడో విన్నాను. నా పేరు ఇప్పుడు ఎవరి గొంతులోనూ లేకపోవచ్చు. అయినా ఏ ఊరి బస్సు కనిపించినా ఎక్కాలనిపిస్తుంది, ఎక్కడ ఎవరు పాడుతున్నా ఆగి ఎవరి పేర్లు వస్తాయో వినాలనిపిస్తుంది. ఒక పెద్దమనిషి నన్ను నమ్మి, నేను నడవకముందే నడిచానని నలుగురిలో పాడాడు. ఆ పాటలో నేను చాలా దూరం పోయినదాన్ని. సముద్రం చేరినా, ఇంకా అంత దూరం పోలేదనే అనిపిస్తుంది.