రిజిస్టరులో ముందే పోయిన మా తాత

మా చేలో ఉన్న తాత సమాధి రాయి మీద ఆయన పుట్టిన సంవత్సరం చెక్కించాలని, ఈ రోజు పొద్దున నారాయణఖేడ్ చర్చికి వెళ్లి పాత రిజిస్టరు తీయించాను. పేరు దొరికింది. దాని పక్కనే 'బొగ్గు బావిలో కప్పు కూలి మరణం' అని రాసి ఉంది. ఆ మరణం మా నాన్న పుట్టడానికి రెండేళ్ల ముందుది. మా తాతేమో పోయినేడు మా ఇంట్లో, నా కళ్ల ముందే కన్నుమూశాడు.

"ఇది తప్పు అయ్యగారూ, దిద్దుండ్రి" అని పాస్టరుకు చెప్పి బస్సెక్కాను. మా ఊరు సిర్గాపూర్ వచ్చేదాకా ఒకటే ఆలోచన. మేం తాత అని పిలిచిన మనిషి ఎవరు?

నానమ్మ కందులు చెరుగుతోంది. విషయం అడిగితే చేట పక్కన పెట్టి, ముందు వెళ్లి తలుపు మూసింది.

"సచ్చింది మీ తాత తమ్ముడు. ఈడు సాలదని వాన్ని బాయిల తీసుకోలే. అన్న పేరు చెప్పి దిగిండు. ఆడ అన్న పేరే సచ్చింది."

"మరి తాత ఎందుకు చెప్పలే?"

"దొంగ పేరని జేల్ల ఏస్తరని భయం. ఎవలన్న పేరు పెట్టి పిలిస్తే పలికెటోడు కాదు. చర్చికి గూడ పోలే. గా రాత తప్పని నువ్వు ఆడ చెప్పలే గద బిడ్డా?"

"చెప్పలే" అన్నాను.

నానమ్మ మళ్లీ చేట అందుకుంది కానీ తలుపు తీయనివ్వలేదు. సాయంత్రం నుంచి బయట ఎవరి చెప్పుల చప్పుడైనా నేనూ అటే చూస్తున్నాను. రిజిస్టరులో మా తాతను అప్పుడే చచ్చినట్టే ఉంచమని రేపు పాస్టరును ఏ మొహంతో అడగాలో మీరే చెప్పండి.