తల్లో, కూతురో

ఇంట్లో నాకు సవతులు ఒకరూ ఇద్దరూ కాదు, రెండు సొరుగుల నిండా ఉన్నారు. అందరూ రోము రాణులే. వేల ఏళ్ళనాటి నాణేల మీద పక్కకు తిరిగి కూర్చుంటారు, ఒక్కతీ నా మొహం చూడదు. మా ఆయన గడియారాలు బాగుచేసేవారు. దుకాణం కట్టేసి వచ్చి, చొక్కా అయినా మార్చుకోకుండా ఆ సొరుగుల ముందు చతికిలబడేవారు. చక్రవర్తుల నాణేలు ఊరికే ఇచ్చినా వద్దనేవారు. రాణులనైతే జుట్టును బట్టి పోల్చుకోవచ్చట, ఆ సరదాయే వేరట. అక్షరాలు అరిగినా, ముక్కు అరిగినా, కొప్పు ఎక్కడ పెట్టుకుందో చూసి ఏ రాణో చెప్పేసేవారు. నేను మాత్రం నడుము దాకా ఉన్న జుట్టును మెడ దాకా కత్తిరించుకుని వారం రోజులు ఆయన ఎదుటే తిరిగాను. చూడలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది, ఉండకూడదా?

అలాంటి మనిషికి కళ్ళకే వచ్చింది. మొదట స్క్రూలు కనబడటం లేదని స్క్రూలను తిట్టారు, తర్వాత బల్బును తిట్టారు, చివరికి నన్ను. కళ్ళ డాక్టరు నీటికాసులన్నాడు. జబ్బు పేరులో కూడా కాసులేనని ఆయన నవ్వారు గాని నాకు నవ్వు రాలేదు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదైనా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. దుకాణం మూసేశాం.

అప్పటికి ఎవరిదో తేలని నాణెం ఒకటే మిగిలింది. పాత సామాన్ల వ్యాపారి దగ్గర మట్టిగడ్డలా ఉన్నదాన్ని ముచ్చటపడి తెచ్చుకున్నారు. కొంత శుభ్రం చేశాక, మిగిలిన నాలుగు అక్షరాలు చూసి ఫాస్టీనా అన్నారు. తీరా ఆ పేరుతో రాణులు ఇద్దరు, తల్లీ కూతురూ. తల్లి కొప్పు నడినెత్తిన ఉంటుంది, కూతురిది మెడ వెనక. దీని నెత్తి అరిగి నున్నబడింది. మెడ వెనక మాత్రం రాయిలాంటి పెంకు కట్టింది. దాని కింద ముడి ఉందా లేదా? కళ్ళు పూర్తిగా పోయేలోగా అది చూడాలని ఆయన పట్టు. ఎవరైతే మీకేంటండీ, ఇద్దరూ పోయినవాళ్ళే కదా అన్నందుకు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పెంకు తీయడానికి తొందర పనికిరాదు. నీళ్ళలో నానబెట్టాలి, ఆరబెట్టాలి, సూదిమొనతో నలుసు నలుసుగా విరవాలి, మళ్ళీ నానబెట్టాలి. ఒక్కోదానికి నెలలు పడుతుంది. ఆయన చూపు అన్నాళ్ళు ఆగేలా లేదు. నిదానంగా కానివ్వండి, ఆఖర్న నేను చూసి చెబుతాను అన్నాను. నువ్వు చూస్తే నేను చూసినట్టా అని కసిరారు. ఎంత చెప్పినా గోడకు చెప్పినట్టే.

ఒకరోజు పొద్దున బట్టలు ఆరేసి వచ్చేసరికి కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. సూది బల్ల మీద పడేసి ఉంది. నాణెం నా చేతిలో పెట్టారు.

"చూడు. మెడ వెనక ముడి ఉందా?"

వెలుగులోకి పట్టి చూశాను. పెంకు లేదు. జుట్టూ లేదు. మెడ వెనకంతా పచ్చగా మెరుస్తూ అడ్డదిడ్డంగా గీతలు. పెంకుతోపాటు కింద ఉన్న లోహాన్ని కూడా గీకేశారు. అక్కడ ముడి ఉండేదో లేదో ఇక ఎవరూ చెప్పలేరు. నాకు ఏడుపొచ్చింది. నా సవతి కోసం నేను ఏడవడమేంటో!

"ఉందండీ. చిన్న ముడి. కూతురే," అన్నాను.

ఆయన బల్ల మీద తడిమి సూది అందుకున్నారు.

"సూది పెంకులో దిగితే కరకరమంటుంది," అన్నారు. "లోహంలో దిగితే కీచుమంటుంది. కీచుమంది. విన్నాను. అయినా చెయ్యి ఆపలేదు."

"తెలిసీ నన్నెందుకు అడిగారు?"

"నువ్వు చెబితే నమ్ముదామనుకున్నాను. నమ్మబుద్ధి కాలేదు."

నాణేన్ని చిన్న కాగితం సంచిలో వేయమన్నారు. పైన 'తెలియదు' అని రాయమన్నారు, తనకు కనబడేలా పెద్ద అక్షరాలతో. సంచి అంతా పట్టేలా నల్ల సిరాతో రాసి, ఆయన కళ్ళ ముందు పెట్టి పట్టుకున్నాను. అటే చూస్తూ కూర్చున్నారు.

"రాశావా?" అని అడిగారు.