జనరేటరుకు నడక నేర్పినవాణ్ణి

మా కంటోన్మెంట్ చర్చిలో జనరేటరు తన కాళ్ల మీద తాను నడుచుకుంటూ ఆరాధనకు వచ్చిన సంగతి బళ్లారిలో వినని చెవి లేదు. దానికి నడక నేర్పింది నేనే. ఇరవై ఏళ్లుగా ఈ కథ చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. కానీ నేను చెప్పకపోతే పక్కవాళ్లు చెబుతారు. వాళ్ల నోట పడితే అది పుల్పిట్ ఎక్కి ప్రసంగం కూడా చేస్తుంది. నిజానికి అది గుమ్మం దగ్గరే ఆగింది.

అప్పటికి నేను ఇంజనీరింగ్ పూర్తిచేసి మూడేళ్లు. పని లేదు. "మావోని ఉద్యోగం కోసరం ప్రార్థన చేయండి" అని మా అమ్మ ప్రతి ఆదివారం చీటీ రాసిచ్చేది. మూడేళ్లు నాకోసం ప్రార్థించి సంఘం మొత్తానికి ఓపిక అయిపోయింది. పాస్టరయ్యగారైతే ఆ చీటీని విప్పకుండానే చదివేసేవారు.

ఆ సంఘంలోనే ఎలీషప్ప అని ఒక పెద్దమనిషి. యశ్వంతనగర్‌లో ఇనుపరాయి జల్లించే యంత్రాల కింద వేసే రబ్బరు దిమ్మలు చేసే కార్ఖానా ఆయనది. మనిషి సగం కన్నడం, సగం తెలుగు, మొత్తం అనుమానం. అమ్మ చీటీల పోరు పడలేక ఒకరోజు నన్ను పిలిచాడు.

"ఏనప్పా, రబ్బరు గురించి నీకేం తెలుసు?"

"కంప్యూటర్లో రబ్బరును వేల ముక్కలు చేసి, ఏ ముక్క ఎంత నలుగుతుందో లెక్కకట్టి చెబుతా సార్."

"ముక్కలు తర్వాత. ఈ చర్చి జనరేటరు అదురుడికి కిటికీలు రాలిపోతాండాయి. దానికింద నాలుగు దిమ్మలు వేయి. ఆదివారం నేను కూచోని చూస్తా. అది కుదురుగా ఉంటే సోమవారం నుంచి నువ్వు నా ఇంజనీరు. లేదంటే మీయమ్మ ఇంక చీటీ రాయకూడదు."

ఇక్కడ మీకు రెండు ముక్కలు చెప్పాలి, కొంచెం ఓర్చుకోండి. ఇనుము మంచిది. రెండింతలు లాగితే రెండింతలు సాగుతుంది. రబ్బరుకు ఆ మర్యాద లేదు. మొదట బిగదీసుకుంటుంది, నడుమ మెత్తబడుతుంది, చివర్లో మళ్లీ మొండికేస్తుంది. పాట పాడమంటే మా పెద్దమ్మ చేసే వరసే అది. ఈ పెద్దమ్మ గుణాన్నే చదువుకున్నవాళ్లు హైపర్ ఎలాస్టిక్ అంటారు. దాన్ని కంప్యూటరుకు నేర్పాలంటే ముందు నిజం రబ్బరును లాగి, ఎంత బరువుకు ఎంత సాగిందో గీత గీసి చూపించాలి.

రబ్బరు కోసం కౌల్ బజార్‌కు, ఎలీషప్ప కార్ఖానాకు సరుకిచ్చే ఖాజాభాయ్ అంగడికి పోయాను. ఒక పట్టీ వేలాడదీసి, బరువులు తగిలిస్తూ సాగింది కొలిచి, పుస్తకం మూశాను.

"ఐపోయిందా భాయ్?" అన్నాడు ఖాజాభాయ్.

"ఐపోయింది."

"ఒక్క తూరికేనా? నక్కో భాయ్, అట్ల వద్దు. కొత్త రబ్బరు అబద్ధం చెప్తాది. పది తూర్లు లాగు. అలిసిపోయినాకనే అది నిజం చెప్పేది."

నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చి ఆ గీతను కంప్యూటరుకు తినిపించాను. అది నాలుగు రోజులు మూలిగి, నీలం రంగులో ప్రశాంతంగా నిద్రపోతున్న దిమ్మను చూపించింది. దిమ్మ అడుగుభాగం నేల మీంచి కదలరాదని తెర మీద ఆజ్ఞ వేసింది కూడా నేనే. కంప్యూటరు విన్నది కదా, నేల కూడా వింటుందనుకుని దిమ్మల్ని నేలకు బిగించే బోల్టులు మానేశాను.

అదే రబ్బరుతో కోయమని చెప్పిన దిమ్మలు తెచ్చుకుందామని పోతే ఖాజాభాయ్ లుంగీ ఎగ్గట్టి ఒకదాని మీద ఎగురుతున్నాడు!

"కాళ్లు తియ్ భాయ్! అది లెక్క కట్టిన దిమ్మ!"

"లెక్క యాడికీ పోదులే. నీ కంప్యూటరు ఇట్ల ఎగిరిందా?"

"అందులో ఎగిరే బటన్ లేదు."

"ఐతే నేనే బటన్. జరుగు."

జరగలేదు. ఆయన తొక్కిన దిమ్మను వదిలేసి కొత్తది కోయించుకుని, నాలుగింటినీ పసిబిడ్డల్లా తువ్వాలులో చుట్టి తెచ్చి జనరేటరు కింద పెట్టాను.

ఆదివారం వచ్చింది. మొదటి పాట అయింది, ప్రార్థన అయింది, జనరేటరు ఊపిరి కూడా వినపడలేదు. ఎలీషప్ప వెనక్కి తిరిగి నన్ను చూసి తల ఆడించాడు. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. మనసులో నేను సోమవారానికి చొక్కా ఇస్త్రీ చేసేసుకున్నాను.

ప్రసంగం మధ్యలో "టక్" అని వినిపించింది.

అదురుడికి రబ్బరు అలసిపోవడం మొదలైంది. అలసిపోతూ మెత్తబడింది. మెత్తబడేకొద్దీ జనరేటరు ఊగింది, దాని పొగగొట్టం గోడకు తగిలింది. అయ్యగారు "దేవుడు నమ్మదగినవాడు" అంటే అది "టక్" అనేది. తబలా ఆయన పాట మొదలైందనుకుని దరువు అందుకున్నాడు.

నేను పక్క తలుపులోంచి షెడ్డుకు పరుగెత్తాను. అప్పటికే అది దిమ్మలు దిగి బయలుదేరింది! ఆపుదామని గట్టిగా వాటేసుకున్నాను. ఆగలేదు. ఇద్దరం కలిసి గడగడలాడుతూ, కొత్త దంపతుల్లా గుమ్మం దాకా వచ్చాం.

"సాకు, సాకు! ఇంక చాలప్పా!" అంటూ ఎలీషప్ప వచ్చి దాన్ని ఆపేశాడు. వంద తలలు మా వైపు తిరిగాయి.

"ఎవరప్పా ఆ వచ్చింది?" అన్నారు అయ్యగారు కళ్లజోడు సర్దుకుంటూ.

"మావోడే అయ్యగారూ," అంది అమ్మ, నేల చూస్తూ.

ఎలీషప్ప ఒక దిమ్మ తెచ్చి బొటనవేలితో నొక్కాడు. "ఎన్ని తూర్లు లాగి కొలిచినావు?"

"ఒక్కసారి సార్."

"ఖాజా చెప్పలేదా?"

"చెప్పినాడు."

నన్ను తల నుంచి కాళ్ల దాకా చూశాడు. కొడతాడనుకుని కళ్లు మూసుకున్నాను.

"ఎన్ని కేజీలుంటావప్పా?"

"తొంభై రెండు సార్."

"ఖాజా అరవై కూడా లేడు. సోమవారం వచ్చేయ్."

మరుసటి ఆదివారం అమ్మ ఇచ్చిన చీటీని అయ్యగారు మూడేళ్లలో మొదటిసారి విప్పి చదివారు. "మన సహోదరునికి రబ్బరు మీద ఎగిరే ఉద్యోగం దయచేసిన దేవునికి స్తోత్రం." సంఘం చెప్పిన ఆమెన్‌కు కిటికీలు అదిరాయి. వాళ్ల బరువు దిగింది మరి!

నాలుగేళ్లు ఎగిరాక నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. ఇప్పుడు మోకాళ్లు అరిగాయి, మెట్లెక్కితే నాలోంచే "టక్" అని వినిపిస్తుంది. అందుకని ఆ అరిగిన మోకాళ్ల మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. అలసిపోని రబ్బరు మాట ఇంక నమ్మను. లుంగీ ఎగ్గట్టిన మనిషిని చూసి నవ్వను. ఎంత దూరం నుంచి నడిచొచ్చినా సరే, ఏ జనరేటరునూ సంఘం ముందు వాటేసుకోను.