బిందె వెడల్పు సందు

“నలుగురు గోడకు అటు, నలుగురు ఇటు నిలబడితే పైనుంచి మా వైపుకు దాటించొచ్చు. ఇంత మాత్రానికి కట్టిన గోడ పడగొట్టాల్నా?” అన్నాను నేను.

“మా అమ్మేమన్నా జొన్నల మూటనా వదినా, గోడ మీద దాటించేదానికి?” అన్నాడు మా మరిది.

“అట్లయితే ముందొకరు, వెనకొకరు మోసుకొని సందులోంచే రాండి. ఇద్దరు చాలరా? ఆమె బరువెంత?”

“నలుగురు మోయాల. గడప కాడినుంచే మోయాల. ఇంతమంది చుట్టాలుండి మా అమ్మ ఇద్దరి మీద పోతాదా?”

“సరే, మా ఇంట్లోంచి తీసకపోండి. వెనక తలుపు తీస్తా, ముందు తలుపు తీస్తా. నేనేమన్నా వద్దన్నానా?”

రాచర్ల నుంచి వచ్చిన మా పెద్దమామ (అప్పటికే పోయిన మా మామకు అన్న) అరుగు మీద కూర్చొని అంతా వింటున్నాడు. “దీపం పెట్టే ఇంట్లోంచి ఇంకో ఇంటి పీనుగను తీసకపోరు తల్లీ,” అన్నాడు. “రెండిండ్లు చేసింది మీరే కదా.”

మా అత్త ఆ మధ్యాహ్నమే పోయింది. వెనకింట్లో చాప మీద పడుకోబెట్టారు. తెల్లవారి తీసుకుపోవాలని అనుకున్నాక, పాడె కోసం తెచ్చిన రెండు వెదురు బొంగులను నలుగురు భుజాన వేసుకొని, ఎందుకైనా మంచిదని సందులో నడిచి చూశారు. నాలుగడుగులు వేసేసరికి ఇరుక్కుపోయారు. ఇద్దరి మోచేతులు మా గోడకు, ఇద్దరివి పక్కింటి గోడకు గీరుకుపోయాయి. ముందుకు రాలేరు, వెనక్కి తిరగలేరు. చివరికి బొంగులు కింద పడేసి, చొక్కాలకు సున్నం పూసుకొని, ఒకరి వెనక ఒకరు అడ్డంగా నడుచుకుంటూ బయటపడ్డారు. ఇంకో రోజైతే నేను పడీపడీ నవ్వేదాన్ని. ఆ సాయంత్రం మాత్రం అందరూ నా వైపే చూశారు. ఎందుకంటే ఆ సందు కొలత నాది.

ఆ గోడ కట్టిన రోజుల్లో నాకు ఇరవై ఆరేళ్ళు. ఊళ్ళో ఉన్న తెలివంతా నా కొంగుకే ముడేసి ఉందనుకునే వయసు. పలకలు చేసే మార్కాపురంలో పుట్టి, పలక మీద మూడేళ్ళు మాత్రమే రాసినదాన్ని. అయినా ఇంటి ఖర్చులో ఒక అగ్గిపుల్ల కూడా వృథా పోనిచ్చేదాన్ని కాదు. మా మామ పోయాక మరిదికి పెళ్ళయింది. మా స్థలం వెడల్పు తక్కువ, పొడుగెక్కువ. వీధి వైపు ఉన్న పాత ఇల్లు పెద్దకొడుక్కి, వెనక ఖాళీ చిన్నకొడుక్కి అన్నారు పెద్దలు. వెనక కట్టే ఇంటికి వీధి లేదు కాబట్టి మా ఇంటి పక్కన ఆరడుగుల దారి వదలమన్నారు. ఆరడుగులన్న మాట చెవిన పడగానే తలుపు చాటునుంచి బయటికొచ్చాను. “ఆ సందులో మనిషి నడుస్తాడా, బస్సు నడుస్తాదా?” అని అడిగాను. (పెద్దల మధ్య కోడలు నోరు విప్పడం మా ఇంట్లో అదే మొదలు. అదే ఆఖరూ అయి ఉంటే బాగుండేది.)

మా వీధిలో అప్పుడు నాలుగు రోజులకొకసారి నీళ్ళు వచ్చేవి. కొళాయి వీధిలో ఉంది. వెనకింటికి దారితో ఉన్న పనల్లా నీళ్ళు తెచ్చుకోవడమే కదా అని నా లెక్క. అందుకని పెద్ద ఇత్తడి బిందె నిండా నీళ్ళు నింపి, చంకన పెట్టుకొని, పక్కింటి గోడకు ఆనుకొని నిలబడ్డాను. “ఇదిగో, బిందె ఎంతవరకు వచ్చిందో అక్కడ గీత గీయి,” అన్నాను మేస్త్రీతో. అతను ముగ్గుపిండితో గీశాడు. మూడడుగులకు నాలుగు వేళ్ళు తక్కువ. (అప్పుడు నేను సన్నగా ఉండేదాన్ని. ఇప్పుడైతే బిందె లేకుండానే ఆ గీత దాటుతాను.) పెద్దలు ఏమీ తేల్చలేక మా అత్త వైపు చూశారు. ఉండబోయేది ఆమే కదా, చిన్నకొడుకుతో. ఆమె గీత దాకా నడిచి, ఆగి, మళ్ళీ నడిచి, “నాకు చాల్లే అమ్మా,” అంది. నేను గెలిచాననుకున్నాను. వారంలో గోడ లేపించాను.

మిగిల్చిన ఆ మూడడుగుల్లో నేనేం చేశానంటే, చెప్పడానికి సిగ్గవుతుంది. కందికట్టె పేర్చాను. దాని కింద తేళ్ళు చేరాయి. అంతే. అటువైపు మాత్రం, నీళ్ళ రోజున నా తోడికోడలు నిండు బిందెతో లోపలికి పోతుంటే, ఎదురుగా రావడానికి చోటు లేక మా అత్త ఖాళీ బిందెతో ఆ చివర నిలబడేది. ఈమె దించి పక్కకు తొలిగితేనే ఆమె రావాలి. ఈలోపల కొళాయి ఆగిపోతే ఆ పూటకు అంతే. నా వంటింటి కిటికీలోంచి ఇదంతా కనిపించేది. కిటికీ మూసుకుంటే కనిపించేది కాదు.

ఆ సాయంత్రం పెద్దమామ మాటకు నేను మా ఆయన వైపు చూశాను. ఆయన తల దించుకొని, “నీ గోడ, నీ ఇష్టం,” అన్నాడు. అప్పుడు లోపలినుంచి నా తోడికోడలు వచ్చింది. ఇంట్లోకి వచ్చిన రోజునుంచి నాకు ఎదురు మాట చెప్పని పిల్ల. ఏడ్చీ ఏడ్చీ గొంతు పోయింది. “నీళ్ళ కోసం ఆమె సందు కాడ చానా నిలబడింది అక్కా,” అంది. “ఇప్పుడన్నా నిలబెట్టొద్దు.”

నేను లేచి ఇంట్లోకి పోయాను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, తర్వాత మేము మారిన ఇంటి వెనక ఖాళీలో నా చిన్న మనవడు ఇల్లు కడతానంటున్నాడు. మొన్న పెద్దవాడు ఫోనులో ప్లాను చూపించాడు. పక్కన నాలుగడుగుల దారి. “ఆరు వదులు నాయనా,” అన్నాను. “ఎందుకు జేజీ, బైకు పోతే చాలదా?” అన్నాడు. నా నోటినుంచి ఊడిపడ్డట్టే ఉంది ఆ మాట. వాణ్ణి కోప్పడదామనుకున్నాను గానీ, చంకన బిందెతో గోడకు ఆనుకొని నిలబడ్డ ఆ సన్నటి పిల్ల కళ్ళ ముందుకొచ్చి, నవ్వొచ్చింది. ఎంత గట్టిగా నిలబడిందో! ఒక చుక్క కూడా తొణకలేదు.

మా అత్త పోయిన మరునాడు పొద్దున, చుట్టాలు ఇంకా ముఖాలు కడుక్కుంటుండగానే నేను కందికట్టె పక్కకు లాగి గడ్డపార తీసుకున్నాను. పలకరాయి ముక్కలు పేర్చి మట్టితో కట్టిన గోడ అది. నేను రెండు రాళ్ళు కదిలించేసరికి మా మరిది వచ్చి గడ్డపార అందుకున్నాడు. తర్వాత మా ఆయన వచ్చాడు. “పగలగొట్టొద్దండీ, ఒక్కొక్క రాయి ఊడదీయండి, మళ్ళా పనికొస్తాయి,” అని అంత ఏడుపులోనూ నేను అరిచానట. (నాకు గుర్తు లేదు. మా తోడికోడలు మాత్రం మరిచిపోలేదు.) ఎండెక్కేలోపల గోడ లేదు. నలుగురు మా అత్తను గడప దగ్గరే భుజాలకెత్తుకున్నారు. ఎవరి మోచేయీ దేనికీ తగల్లేదు. వాళ్ళు వీధి మలుపు తిరిగాక, నేనూ నా తోడికోడలూ చెరొక బిందె తీసుకొని కొళాయి దగ్గరికి పోయాం. ఆ రోజు నీళ్ళు వచ్చే రోజే. నిండు బిందెలు చంకన పెట్టుకొని, ఇద్దరం పక్కపక్కన నడిచి వచ్చి, రెండిళ్ళూ కడిగాం.