పరామర్శకు తెచ్చిన పళ్లు

నా జ్యూరీ డ్యూటీ గురించి స్నేహితులకు చాలాసార్లు చెప్పాను. ఒక్క సంగతి మాత్రం ప్రతిసారీ దాటేశాను. జ్యూరీ గదిలో దోషి కాదంటూ చివరిదాకా నిలబడ్డ ఒక పెద్దావిడ మనసు మార్చింది నేనే. వాదించి కాదు, తెలిసిన విషయాన్ని తెలియనట్టు మింగేసి.

అమెరికా పౌరసత్వం వచ్చిన రెండో ఏడు జ్యూరీలో కూర్చోమని కోర్టు నుంచి పిలుపు వచ్చింది. మేముండే నేపర్‌విల్ నుంచి కోర్టుకు అరగంట కూడా పట్టదు. ముద్దాయి తెలుగావిడ. ఇంటింటికీ వెళ్లి మంచానపడ్డ ముసలివాళ్లను చూసుకునే పని. రెడ్ లైటు దాటి నిర్లక్ష్యంగా వచ్చి సైకిలు మీద వెళ్తున్న ఒకతన్ని గుద్దిందని కేసు. తనకు గ్రీన్ లైటే ఉందని ఆవిడ అంది. అక్కడ కెమెరా లేదు. లైసెన్సు పోతే తన పనే పోతుందని కూడా బోనులో చెప్పింది.

జ్యూరీని ఎంచుకునేటప్పుడు ప్రాసిక్యూటర్ నన్నడిగాడు, "మీ దేశపు మనిషని మొగ్గు చూపుతారా?" అని. "చూపను" అన్నాను, అవసరమైనదానికన్నా గట్టిగా.

విచారణలో అతను ఒకే విషయాన్ని పట్టుకున్నాడు. ప్రమాదం జరిగిన మర్నాడు ఆవిడ ఒక సంచి నిండా ఆపిల్ పళ్లతో ఆసుపత్రికి వెళ్లింది. "తప్పు చేయని మనిషి ముక్కూమొహం తెలియనివాడికి ఇవన్నీ ఎందుకు మోసుకెళ్తుంది?" అని మమ్మల్నే అడిగాడు.

శుక్రవారం పొద్దున మా పన్నెండుమందినీ గదిలో కూర్చోబెట్టారు. అందరూ ఒకే మాట మీదికి వస్తేనే తీర్పు. మొదటిసారి చీటీలు వేస్తే ఏడుగురు దోషి అన్నారు, అయిదుగురు కాదన్నారు. ఆ అయిదులో నాదొకటి. మా ఫోర్‌మన్ రిటైరైన బాస్కెట్‌బాల్ కోచ్. మంచివాడు, గొంతు పెంచలేదు. కాదన్నవాళ్లను పేరు పెట్టి పిలిచి, "నేను ఒత్తిడి చేయడం లేదు, మిగతావాళ్లకు ఎందుకలా అనిపించిందో వింటారా?" అనేవాడు. మధ్యాహ్నం అతను కాఫీ కప్పు పైకెత్తి, "సోమవారం కూడా ఈ బురద తాగాలనుకునేవాళ్లు చెయ్యెత్తండి" అంటే అందరం నవ్వాం. కలిసి నవ్వాక విడిగా నిలబడడం కష్టమని నాకు అప్పుడే తెలిసింది.

మూడింటికల్లా ఇద్దరమే మిగిలాం. నేనూ, లైబ్రరీలో పనిచేసి రిటైరైన ఆ పెద్దావిడా.

ఆవిడ కుర్చీ నావైపు తిప్పుకుంది. "నాకు ఆ పళ్ల సంగతొక్కటే అర్థం కావడం లేదు. మీవాళ్లలో ఇది మామూలేనా?"

అందరూ నన్నే చూశారు.

మామూలే. రోగిని చూడడానికి మా అమ్మ ఒట్టి చేతులతో ఏనాడూ వెళ్లలేదు. పక్కింటి అమెరికన్ మెట్ల మీద జారిపడి కాలు విరిగితే నేనూ ఆపిల్ పళ్లే పట్టుకెళ్లాను. అతని కాలు నేను విరగ్గొట్టలేదు. అంతమాత్రం చెబితే సరిపోయేది. కానీ "మావాళ్లు" అనగానే ఆ గదిలో నేను పరాయివాణ్ణి అవుతానని భయం వేసింది. మొగ్గు చూపనని ఇచ్చిన మాటను అడ్డం పెట్టుకున్నాను.

"అందరి తరఫునా నేనెలా చెప్పగలను?" అన్నాను.

"ఈయనకే తెలియదంటే ఇంకేం ఉంది?" అన్నాడు ఫోర్‌మన్ మెల్లగా.

పెద్దావిడ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, "సరే అయితే" అని దోషి అనేవాళ్లతో పాటు చెయ్యెత్తింది. ఆవిడ వెనకే నేనూ చెయ్యెత్తాను.

దోషి అని తీర్పు చదివాక ఇది మీ తీర్పేనా అని ఒక్కొక్కరినీ అడిగారు. అవునన్నాను. ముద్దాయి తలెత్తి నన్నే చూసింది.

తర్వాత, తలా ఒక వంటకం తెచ్చుకునే ఒక పాట్‌లక్ విందులో, పెద్దావిడ సంగతి దాటేసి ఈ కేసు గురించి చెబితే, "మనావిడని కూడా వదల్లేదంటే నువ్వు నిప్పురా బాబూ! జడ్జిగారికి ఇంకో గరిటె బిర్యానీ వెయ్యండి" అన్నాడొక స్నేహితుడు. ప్లేటు ముందుకు చాపాను. ఆ చాపడం ఇప్పటికీ సిగ్గుగా గుర్తొస్తుంది.

మరుసటి ఏడు ఇండియన్ స్టోర్‌లో బిల్లింగ్ కౌంటర్ వెనక, మేము దోషి అన్న ఆ తెలుగావిడ కనిపించింది. సామాను అక్కడే వదిలి బయటికొచ్చేశాను. చాలా నెలలు వేరే స్టోర్‌కి, దూరమైనా, డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను. మొన్న ఆదివారం మాత్రం తిరిగి వెళ్లాను. ఆపిల్ పళ్లే కొని, సంచి కౌంటర్ మీదే ఉంచాను.

"సంచి మర్చిపోయారండీ."

"మీకేనమ్మా."

"నాకెందుకు? నేను బాగానే ఉన్నాగా." అప్పుడు నా మొహంలోకి చూసింది. "మీరు వెనక వరసలో చివర కూర్చునేవారు."

"అవును."

"మనవాళ్లు ఒకరున్నారులే, పళ్ల సంగతి ఆయనకి తెలీదా అని మా ఆయనతో అన్నాను."

వెనక లైన్‌లో మనుషులున్నారు. ఇంగ్లీషులో అయితే తేలిగ్గా వచ్చేసేది. తెలుగులోనే చెప్పాను. "తెలుసమ్మా. లోపల నన్ను అడిగారు కూడా. భయపడి చెప్పలేదు. తప్పు నాది, క్షమించండి."